నక్క ఓడ కోసం దోహా దాకా

ప్రపంచకప్‌కి ఇంకా మూడేళ్లు ఉందనగా, ఆ చలికాలంలో నేను ఖతార్ వెళ్లాను. ఆట చూడటానికి కాదు, ఊరు చూడటానికీ కాదు. వందేళ్ల కిందట డచ్ నౌకాదళం కట్టుకున్న ఒక డిస్ట్రాయర్ ఓడకి నమూనా తయారవుతోంది. దాని గీతలు కుదరడం లేదు. కుదరకపోతే ఒక మనిషి ఉద్యోగం పోతుంది. అందుకని వెళ్లాను.

విశాఖపట్నంలో ఓడలు కట్టే యార్డులో, డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఓడ గీత అంటే తెలియనివాళ్లకి ఇలా చెబుతుంటాను: సొరకాయని చక్రాల్లా కోస్తే ఒక్కో చక్రం అంచు ఒక్కోలా ఉంటుంది కదా, ఓడనీ అలాగే కాగితం మీద కోస్తాం. ఆ అంచులన్నీ ఒకదాన్నుంచి ఒకటి నునుపుగా సాగిపోవాలి. ఎక్కడ ఒక్క అంచు లోపలికో బయటికో పోయినా రేకు వంకర తిరుగుతుంది, నీళ్లు ఓడని అటు లాగుతాయి.

ఒక రోజు పొద్దున్నే ఫోను. "మేడమ్, నాను అప్పలరాజునండి. భీమిలి అప్పలరాజుని. గురుతున్నానా?"

గుర్తులేకపోవడమేమిటి? మా యార్డులో అప్రెంటిస్‌గా చేరి, ఫిట్టరై, తర్వాత ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ఓడలు బాగుచేసే డాకుకి వెళ్లిపోయాడు. కిందటిసారి సెలవులో ఇంటికొచ్చి మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడట. కుడి భుజం అతికింది కాని చెయ్యి భుజం కన్నా పైకి లేవదు. పరంజా ఎక్కి తల మీద పనిచేసే ఫిట్టర్‌కి చెయ్యి లేవకపోతే ఇంక పనేముంది? మిగిలింది ఒకటే దారి. టెంప్లేట్ షాపులో, అంటే రేకులు కోసే ముందు వాటి ఆకారం గీసి అచ్చులు తయారుచేసే చోట, ఒక ఖాళీ ఉంది. దాని పైఅధికారి హెండ్రిక్ అనే డచ్ ఇంజినీరు. ఆయన నెల తిరక్కుండా ఉద్యోగం విరమించి వెళ్లిపోతున్నాడు. వెళ్లే లోపల ఒక పరీక్ష పెట్టాడు. తన దేశపు పాత డిస్ట్రాయర్ ఒకదాని చిన్న ప్లాను ఇచ్చి, "దీని గీతలు నువ్వే దిద్దుకుని, రేకుతో ఓడ ఒళ్లు కట్టి తీసుకురా. తేలితే షాపు నీది" అన్నాడు.

"కట్టానండి. ఎనకాల వంకర వొచ్చీసింది. రొండు మాట్లు ఇప్పీసి మళ్లీ కట్టాను. అలాగే వొత్తంది. ఫోన్లో సెప్పీగలరా మేడమ్?"

ఫోన్లో గీత దిద్దలేం. ఆ మాటే చెప్పాను. మా చెల్లెలి కూతురు సునీత దోహాలోనే నర్సు. ఎప్పట్నుంచో రమ్మంటోంది. టికెట్టు కొనేశాను.

*

వెళ్లేవాళ్లకి పనికొచ్చే సంగతులు చెబుతాను. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి నెల రోజుల పర్యటనకి వీసా ముందుగా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస చోటు చూపిస్తే అక్కడే ముద్ర వేస్తారు. నేను విశాఖ నుంచి రాత్రి రైల్లో సికింద్రాబాద్ చేరి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, విమానాశ్రయం బస్సెక్కాను. సామాన్లో బట్టలకన్నా ముఖ్యమైనవి నాలుగు టేకు బద్దలు. మనిషి చెయ్యంత పొడవు, వేలంత వెడల్పు, వంచితే విల్లులా వంగేవి. గీతలు దిద్దడానికి అవి లేకపోతే కుదరదు. తనిఖీ దగ్గర కుర్రాడు వాటిని బయటికి తీసి, "ఇవేంటి మేడమ్, కర్రసాముకా?" అన్నాడు. ఒకటి వంచి చూపించాను. నవ్వి వదిలేశాడు.

విమానంలో నా పక్క సీటు ఒక రాయచోటి ఆవిడది. దోహాలో ఒక ఇంట్లో వంట చేస్తుందట. సెలవు ముగించుకుని వెనక్కి వెళ్తోంది. బెల్టు పెట్టుకోవడం నాకు చేతకాకపోతే తనే పెట్టింది.

"నువ్వు గూడా ఇండ్లల్లో పనికేనా మ్మా?"

"కాదమ్మా. ఓడ పని."

"ఈ వయసులో ఓడ పనా?" అని నా మోకాళ్ల వైపు చూసింది. "పైకెక్కేది గిక్కేది ఉంటే వొద్దని చెప్పు. మొహమాటపడొద్దు."

పన్నెండు దాటాక దిగాం. ఎండ ఉంది కాని చురుక్కుమనలేదు. చలికాలంలో వెళ్లండి, వేసవిలో మాత్రం వద్దు. సునీత డ్యూటీలో ఉండటంతో నేనే టాక్సీ ఎక్కి అల్ ముంతజా చేరాను. దారి పొడుగునా తవ్వి పోసిన మట్టి, ఎటు చూసినా క్రేన్లు. టాక్సీ నడిపే నేపాలీ అబ్బాయి నిన్న ఎడమకి తిరిగిన చోట ఇవాళ కుడికి తిరగాల్సి వస్తోందని నవ్వాడు. అల్ ముంతజా ఊరి నడిమధ్యన ఉంది. పాత అపార్టుమెంట్లు, కింద కిరాణా షాపులు, కేరళ హోటళ్లు. సునీత వాళ్లది రెండు గదుల ఇల్లు. సాయంత్రం వచ్చి, నా బద్దలు చూసి నెత్తి కొట్టుకుంది.

"పెద్దమ్మా, నీకు సముద్రం ఒడ్డు, మ్యూజియం అన్నీ చూపిద్దామని సెలవు పెట్టుకున్నానే."

"ఓడ తేలాక చూపించు."

*

మర్నాడు శుక్రవారం. అక్కడ సెలవు దినం. టిఫిను తిని ఏడున్నరకల్లా ఇండస్ట్రియల్ ఏరియా బస్సెక్కాను. బస్సులో డబ్బు తీసుకోరు, ముందే కార్డు కొనుక్కోవాలి. ముందు సీట్లు ఆడవాళ్లకి. నేను ఒక్కదాన్నే ఆడమనిషిని. వెనకంతా సెలవు రోజు ఏషియన్ టౌన్‌కి వెళ్లే కూలీలు, ఉతికిన చొక్కాలు, తల నూనె వాసన. సునీతతో ఫోన్లో మాట్లాడి పెట్టేయగానే వెనక నుంచి ఒక గొంతు.

"తెలుగామె గదా? ఏడికి పోతున్నవమ్మా?"

నలభై ఏళ్ల మనిషి. పేరు లింగయ్య. జగిత్యాల దగ్గర పల్లె. లుసైల్‌లో స్టేడియం కడుతున్న చోట ఇనుప రాడ్లు కట్టే పని. క్యాంప్ ఏషియన్ టౌన్ పక్కనే. రాత్రి దోహాలో ఊరివాళ్ల గదిలో ఉండి, ఏషియన్ టౌన్‌లో సినిమాకని తిరిగొస్తున్నాడు. స్టేడియం ఎలా ఉందని అడిగాను.

"ఎట్లుంటదో నేను ఇంకా సూడలేదమ్మా. నాకు కనవడేది రాడ్లే. పైకి సూద్దామంటే హెల్మెట్ అడ్డం వస్తది."

నేను వెళ్లాల్సిన చిరునామా చూపిస్తే, "గా గల్లీల నువ్వు తప్పిపోతవ్" అంటూ నాతోపాటు దిగాడు. ఏషియన్ టౌన్ దుకాణాలు, సినిమా హాళ్లు, క్రికెట్ మైదానం దాటి, ఒకే రకంగా కనిపించే షెడ్ల మధ్య నుంచి నడిపించాడు. ఏసీ డక్టులు, అంటే చల్లగాలి వెళ్లే రేకు గొట్టాలు, తయారుచేసే ఒక చిన్న షాపు అది. యజమాని మలయాళీ, అప్పలరాజుకి పాత స్నేహితుడు. మెడికల్ సెలవులో ఉన్న అప్పలరాజు అక్కడే ఒక మూల మంచం వేసుకుని ఉంటున్నాడు. స్టేడియాలకీ హోటళ్లకీ డక్టులు కోయగా మిగిలిన జింకు పూత రేకు ముక్కలతోనే ఓడ కడుతున్నాడు.

నన్ను చూడగానే కుడిచెయ్యి ఎత్తి నమస్కారం పెట్టబోయాడు. చెయ్యి సగంలోనే ఆగింది. ఎడం చేత్తో దాన్ని కిందికి దించుకున్నాడు. నేను చూడనట్టు ఓడ వైపు తిరిగాను.

గోడకి ఆనించిన బల్ల మీద మనిషంత పొడవుంది. సన్నం, కత్తిలా. డిస్ట్రాయర్ అంటే అంతే: వేగం కోసం కట్టిన ఓడ. రేకు పలచన, కడుపులో సగానికి పైగా బాయిలర్లూ ఇంజన్లూ. ముందు భాగం బాగానే ఉంది. కళ్లజోడు సర్దుకుని వెనక్కి వెళ్లి, రేకు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరిపాను. చెయ్యి ఒక చోట పల్లంలోకి దిగింది. అవతలి వైపు అదే చోట మిట్ట.

"ఫ్రేములు ఎలా గీశావు?"

"ప్లాన్ని పెద్దది సేయించీసి, దాని మీంచి దిద్దీసేనండి."

"అంటే కాగితం ముడత కూడా దిద్దేశావన్నమాట."

తప్పు రేకులో లేదు, కింద పక్కటెముకల్లా ఉన్న చెక్క ఫ్రేముల్లో ఉంది. అవి మార్చాలంటే పైనున్న రేకులన్నీ ఊడదీయాలి. అతను మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటే బిగించిన చిన్న చిన్న రాగి రివెట్లన్నీ తీసేయాలి. ఆ మాటే అతనికి చెప్పాను.

అప్పలరాజు గోడకి తగిలించిన ఉలి తీసుకున్నాడు. మొదటి రివెట్టు తల మీద పెట్టి కొట్టాడు. టంగుమని ఎగిరి లింగయ్య కాళ్ల దగ్గర పడింది.

"అయ్యో, గింత మంచిగ జేసినవ్ గదన్నా!" అన్నాడు లింగయ్య.

"మంచిగా సెయ్యలేదు బాబూ. నున్నగా కొట్టీసేను, అంతే" అని రెండో రివెట్టు కొట్టాడు.

లింగయ్య వెళ్లిపోలేదు. సినిమాకి వెళ్దామని బయల్దేరిన మనిషి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, "ఇంకో ఉలి ఉన్నదా?" అని అడిగాడు. సాయంత్రమయ్యేసరికి బల్ల మీద వెన్నెముక ఒక్కటే మిగిలింది.

*

ఆ వారమంతా రోజూ వెళ్లాను. పొద్దున్న బస్సు, మధ్యాహ్నం షాపు ఎదురుగా ఉన్న హోటల్లో పరోటా, కూర, సాయంత్రం మళ్లీ బస్సు. అప్పలరాజుకి మొదటి రోజే ఒక మాట చెప్పాను. "నేను ఒక్క గీత కూడా గీయను. ఎందుకంటే రేపు నీ షాపులో నేనుండను."

నేల ఊడ్పించి, తెల్ల ప్లైవుడ్ పరిపించాను. ప్లానులో నమ్మదగిన కొలతలు ఎన్నున్నాయో చూసి ఆ చుక్కలు మాత్రం పెట్టించాను. టేకు బద్దని చుక్కల మీదుగా వంచి, అటూ ఇటూ ఇనుప ముక్కలు బరువు పెట్టడం నేర్పాను. ఒక చుక్క దగ్గర బరువు తీస్తే బద్ద తనంతట తాను కొంచెం కదులుతుంది. కదిలిందంటే ఆ చుక్క అబద్ధం చెబుతోందన్నమాట.

"బద్దని బలవంతం పెట్టకు. అదెక్కడ సుఖంగా పడుకుంటుందో చూడు."

మొదట్లో అతని గీతలన్నీ బిర్రుగా వచ్చేవి. ఫిట్టర్ చెయ్యి కదా, దేన్నైనా లాగి బిగించడమే అలవాటు. కింద కూర్చుని వంగితే భుజం నొప్పి. ముఖం బిగించుకుని, చెయ్యి మార్చి ఎడం చేత్తో గీసేవాడు. ఒకసారి పెన్సిలు విసిరేశాడు కూడా.

"ఇది నాకు అవ్వదండి. ఎల్లిపోతానండి ఇంటికి. వల పట్టుకుంటాను."

"ఆ చెయ్యితో వల విసరగలవా?"

పెన్సిలు నేనే తెచ్చి ఇచ్చాను. ఆ మాట కటువుగా అన్నానని నాకూ తెలుసు. కాని అతను నా వైపు చూసిన చూపులో కోపం కన్నా పట్టుదలే ఎక్కువుంది. ఆ సాయంత్రం గీసిన గీతలో మొదటిసారి బద్ద సుఖంగా పడుకుంది.

డ్యూటీ బస్సు దిగి లింగయ్య రోజూ సాయంత్రం ఏడు గంటలకి వచ్చేవాడు. ఫ్రేములు కోయడం, గీకడం అతని పని. ఓడ వెన్నెముక, అంటే కీల్, కదిలితే మళ్లీ వంకర వస్తుందని బల్లకే బోల్టులు వేసి గట్టిగా బిగింపించాను, ఇంక ఓడని అటూ ఇటూ తిప్పడానికి లేదు. వారం ముగిసేలోపు ఫ్రేములన్నీ నిలబడ్డాయి. ఒక పక్క నుంచి చూస్తే అంచులన్నీ కెరటంలా సాగిపోయాయి.

"అన్నా, దీని పేరేంది?" అని లింగయ్య అడిగాడు. ఆ తరగతి ఓడలన్నిటికీ డచ్ వాళ్లు వేటాడే జంతువుల పేర్లు పెట్టుకున్నారు. మా ఓడ పేరుకి అర్థం నక్క. అది విని లింగయ్య చాలా బాధపడ్డాడు.

"గింత కష్టపడి నక్కను జేస్తున్నమా? పులి లేకుండెనా?"

*

రెండో శుక్రవారం హెండ్రిక్ వచ్చాడు. చాలా పొడుగు. షెడ్డు తలుపు దగ్గర వంగాల్సి వచ్చింది. కొత్త ఫ్రేముల మీద కట్టడం మొదలుపెట్టిన రేకుల్ని చూశాడు. వేలితో తడిమాడు. నాకు ఆయన మీద ఒక అనుమానం ఉంది. టీ గ్లాసు చేతికిచ్చి ఇంగ్లీషులో అడిగేశాను. "మీ దేశపు ఓడ బొమ్మ మీరు ఊరికే చేయించుకుని తీసుకెళ్తున్నారా?"

అప్పలరాజు ముఖం పాలిపోయింది. హెండ్రిక్ మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టి నెమ్మదిగా జవాబిచ్చాడు.

"నేను తీసుకెళ్లను. అది టెంప్లేట్ షాపులోనే ఉంటుంది, కొత్తగా చేరేవాళ్లు చూసి నేర్చుకోడానికి. ఈ ఓడే ఎందుకంటే, దీని ప్రతి రేకూ నాకు తెలుసు. వేరే ఓడైతే నన్ను ఎవరైనా మోసం చేయొచ్చు."

ఎలా తెలుసని అడిగితే చెప్పుకొచ్చాడు. ఆయన తాత ఆ ఓడలో బాయిలర్లకి బొగ్గు వేసేవాడు. డచ్ రేవులో కట్టి, నీళ్లలోకి దించి, వాళ్ల ఏలుబడిలో ఉన్న తూర్పు దీవులకి పంపారు. సూయెజ్ కాలువ, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా ప్రయాణం. అంత సన్నటి ఓడలో అంత దూరం. చలి సముద్రానికి అలవాటుపడ్డ మనుషులు కింద బాయిలర్ గదిలో, కిటికీ లేని వంటింట్లో ఉన్నట్టు, పారలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల దేశం ఏ పక్షానా చేరలేదు. అందుకని ఓడ పని దీవుల మధ్య తిరుగుతూ, ఎవరి యుద్ధమూ తమ నీళ్లలోకి రాకుండా కాపలా కాయడమే.

"ఎవరినైనా ముంచిందా సార్?" అన్నాడు లింగయ్య హిందీలో. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"లేదు. తాత చెప్పినంతవరకూ తిరగడం, ఆగడం, బొగ్గు ఎక్కించుకోవడం, మళ్లీ తిరగడం. పాతబడిపోయాక తీసేశారు. నేను చిన్నప్పుడు అడిగేవాణ్ని, యుద్ధం చేయని యుద్ధనౌకలో నువ్వేం చేశావు తాతా అని. అది నిటారుగా నిలబడేట్టు చేశాను అనేవాడు. ఒక పక్క బొగ్గు కాలిపోతే ఓడ రెండో పక్కకి ఒరుగుతుంది. వీళ్లు బుట్టలతో అటు బొగ్గు ఇటు మోయాలి. పైన నడిచేవాళ్లకి ఆ సంగతే తెలియదు."

వెళ్లే ముందు అప్పలరాజుతో, "వచ్చే శుక్రవారం అల్ ఖోర్‌లో నీళ్లలో దించుదాం. ఆ తర్వాతి వారం నేనుండను" అన్నాడు.

ఏడు రోజులు. అప్పలరాజు పడుకున్నాడో లేదో నాకు తెలియదు. రేకులు బిగించడం అయ్యాక, లోపలి వైపు అతుకులన్నిటికీ సీసం కరిగించి పోశాడు. నేను సునీత కుట్టుమిషను మీద చిన్న చిన్న గుడ్డ సంచులు కుట్టి, రేకుకి కన్నాలు కొట్టగా రాలిన ఇనుప బిళ్లలతో నింపాను. ఓడ కడుపులో బొగ్గుకి బదులు అవే బరువు.

*

మూడో శుక్రవారం పొద్దున్నే మలయాళీ యజమాని పికప్ బండిలో ఓడని దుప్పట్లలో చుట్టి ఎక్కించాం. సునీత కూడా వచ్చింది. అల్ ఖోర్ దోహాకి ఉత్తరాన, గంట ప్రయాణం. రోడ్డుకి రెండు పక్కలా ఎడారి, మధ్యమధ్య క్యాంపులు, షిఫ్టు బస్సులు. అల్ ఖోర్ దాటి ఇంకా పైకి వెళ్తే రాస్ లఫాన్. అనుమతి లేనివాళ్లని లోపలికి రానివ్వరు. అప్పలరాజు ఇన్నేళ్లు పనిచేసిన డాకుని నేను చూడలేకపోయాను. ఆకాశం అంచున గ్యాసు మంటలు మాత్రం కనిపించాయి.

ఒడ్డున చేపల పడవలు కట్టి ఉన్నాయి. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. హెండ్రిక్ ముందే వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని నీటి అంచున నిలబడ్డాడు. సంచులన్నీ రెండు పక్కలా సమానంగా పేర్చాం. లింగయ్య ప్యాంటు మడిచి, "యల్లా, పోదాం నక్కా" అంటూ ఓడని చేతుల మీద మోసుకుని మోకాళ్ల లోతుకి దిగాడు. నెమ్మదిగా వదిలాడు.

తేలింది. తేలి, ఎడమ పక్కకి ఒరిగింది. మునగలేదు, అలాగని నిలబడనూ లేదు. జబ్బుపడ్డ మనిషి గోడకి ఆనుకున్నట్టు అలా ఆగిపోయింది.

గీత తప్పా? బద్ద దగ్గర నేనేమైనా చూడకుండా వదిలేశానా? హెండ్రిక్ చేతులు కట్టుకుని ఊరికే చూస్తున్నాడు.

"ఏం గాదు, ఇటు దిక్కు ఒక రాయి వెడ్తే సరి. మాఫీ ముష్కిల్" అని అరబ్బీలో ధైర్యం చెబుతూ లింగయ్య నీళ్లలో రాయి కోసం వెతికాడు.

"ఆగు బాబూ" అన్నాడు అప్పలరాజు. బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. ఓడ పక్కన వంగి, కడుపులోకి చెయ్యి పోనిచ్చి, అతుకుల మీద వేళ్లు నడిపించాడు. ఒక పక్క చూశాడు. రెండో పక్క చూశాడు. నిటారుగా లేచి, నా వైపు కాకుండా హెండ్రిక్ వైపు తిరిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టి, కుదరక తెలుగులోకి వచ్చేశాడు.

"మేడమ్, మీరు సెప్పండి సార్‌కి. గీత తప్పు కాదు. నా సెయ్యి తప్పు. బల్ల గోడకి ఆనుకునుండీది. ఈ పక్క నాకు దగ్గిర, సీసం పలసగా పోసీసేను. ఆ పక్క గోడేపు. నా సెయ్యి సాగలేదు. ఒకపాలి పోత్తే అందక, రొండు మాట్లు, మూడు మాట్లు పోసీసేను. ఆ పక్కే బరువెక్కువైపోనాది."

చెప్పాను. చెబుతున్నంతసేపూ అతను హెండ్రిక్ ముఖమే చూస్తున్నాడు. చెయ్యి చేతకాని సంగతి ఎవరి ముందు దాచాలో, వాళ్ల ముందే ఒప్పుకున్నాడు. నాకు ఆ క్షణంలో భయమేసింది.

హెండ్రిక్ అడిగాడు. "అయితే ఇప్పుడేం చేస్తావు?"

అప్పలరాజు సంచులు తీయడం మొదలుపెట్టాడు. గోడ వైపు నుంచి ఒకటి తీసి ఇటు పెట్టాడు. ఓడ కొంచెం లేచింది. ఇంకొకటి. లింగయ్య సాయం రాబోతే వద్దన్నాడు. కుడిచెయ్యి అందని చోట మొత్తం ఓడ చుట్టూ నడిచి అవతలి పక్కకి వెళ్లి తీశాడు. మళ్లీ చుట్టూ నడిచి ఇటొచ్చి పెట్టాడు. నడుము దాకా తడిసిపోయాడు. ఒక సంచి ఎక్కువై ఓడ కుడికి వాలితే, దాన్ని నడిమధ్యకి జరిపాడు. అప్పుడు పూర్తిగా నిలబడింది. సన్నగా, నిటారుగా.

అప్పుడే ఒక చేపల పడవ ఇంజను వేసుకుని బయటికి వెళ్లింది. దాని అల మా ఓడని పక్కనుంచి కొట్టింది. అటు ఊగింది, ఇటు ఊగింది. నా చెయ్యి సునీత భుజాన్ని గట్టిగా పట్టుకుంది. రెండు మూడు ఊపులు ఊగి, మళ్లీ నిటారుగా వచ్చి ఆగింది.

"నక్క నిలవడ్డది!" అని లింగయ్య కేక పెట్టాడు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు కూడా ఇటు తిరిగారు.

హెండ్రిక్ నవ్వలేదు. నీళ్లలోకి నాలుగడుగులు వేసి, ఓడ వెనక భాగం మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. కళ్లు తుడుచుకున్నాడో, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడో నేను సరిగా చూడలేదు. తర్వాత అప్పలరాజుని అడిగాడు. "ఇంకో ఓడ కట్టమంటే ఈసారి ఏం మారుస్తావు?"

నేను తెలుగులో చెప్పగానే ఆలోచించకుండా జవాబిచ్చాడు. "ముందు బల్లని గోడ కాణ్ణించి లాగీసి గది మధ్యలో ఏత్తానండి. సుట్టూ తిరగాల కదా."

హెండ్రిక్ తల ఊపాడు. అవునని కాని కాదని కాని అనలేదు. ఆఫీసులో మాట్లాడి చెబుతానన్నాడు. తిరుగు దారిలో పికప్ వెనక కూర్చున్న అప్పలరాజు తడి బట్టల్లో వణుకుతున్నాడు. దుప్పటి ఇస్తే తను కప్పుకోకుండా ఓడ మీద కప్పాడు. సునీత దాన్ని లాగి అతనికే చుట్టింది.

*

మిగిలిన మూడు రోజులు సునీత కోరిక తీర్చాను. సముద్రం ఒడ్డున నడిచాం. కొత్తగా మొదలైన మెట్రో ఎక్కాం. నిశ్శబ్దంగా, చల్లగా, ఇంకా ప్లాస్టిక్ వాసన వదలని పెట్టెలు. లుసైల్ వైపు వెళ్లి దూరం నుంచి లింగయ్య స్టేడియం చూశాను. ఇంకా పూర్తవలేదు. ఇనుప పక్కటెముకలు ఆకాశంలోకి వంగి ఉన్నాయి. ఫోటో తీసి లింగయ్యకి పంపించాను, బయట నుంచి ఎలా ఉందో చూస్తాడని. "మస్తున్నదమ్మా. గిదంత మేమే కట్టినమా?" అని గొంతు రికార్డు చేసి పంపాడు.

మంగళవారం మధ్యాహ్నం విమానం. టాక్సీ విమానాశ్రయం దగ్గరకి వచ్చేసరికి అప్పలరాజు ఫోను.

"పిలిసేరండి. టెంప్లేట్ షాపు. కాపోతే ఆర్నెల్లు సూత్తారట. ఫిట్టర్ గ్రేడు కాదంట, హెల్పర్ గ్రేడంట. పైన ఎవరో కొత్తాయన వొత్తాడు, ఆయన సరే అంటేనే తర్వాత ఉంచుతారంట."

"సంతోషమేనా?"

"హెల్పర్‌గానే వొచ్చేను మేడమ్ ఈ దేశం. మళ్లీ మొదట్నించి అంటే మొదట్నించే. సూద్దాం."

రాత్రికి హైదరాబాద్‌లో దిగి, మర్నాడు సాయంత్రం విశాఖ రైలు పట్టుకున్నాను. ఖతార్ ఎలా ఉందని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, భవనాల గురించీ ఎడారి గురించీ నేను పెద్దగా చెప్పలేను. నేను వెళ్లేసరికి ఆ దేశమంతా ఇంకా ఫ్రేములు వేసి ఉంది, రేకు కప్పలేదు. కట్టి ముగిసినవాటిని చూడటానికి చాలామంది వెళ్తారు. కట్టేవాళ్లు ఏ పక్క నుంచి చెయ్యి చాపుతున్నారో కనిపించేది ఆ కొద్ది కాలమే. నాకు ఆ కొద్ది కాలం దొరికింది. మీరు వెళ్తే శుక్రవారం పొద్దున్న ఇండస్ట్రియల్ ఏరియా బస్సు ఒకసారి ఎక్కండి.

తుని దాటాక తెల్లారింది. ఇల్లు చేరి మధ్యాహ్నం టీ తాగుతుంటే అప్పలరాజు పంపిన ఫోటో వచ్చింది. షాపులో మొదటి రోజు. తెల్లటి నేల మీద పెన్సిలుతో గీసిన పొడుగాటి గీత, దాని వెంట బరువులు పెట్టి ఉన్న, నేనతనికి వదిలేసి వచ్చిన టేకు బద్ద. ఫోటో పెద్దది చేసి, గీత వెంట కన్ను నడిపించుకుంటూ వెళ్లాను. ఫోను చేశాను.

"చివర్నుంచి మూడో చుక్క దగ్గర బరువు తీసి చూడు. బద్ద కదులుతుంది."

అవతల ఇనుప ముక్క నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత అతని నవ్వు.

"కదిలిందండి."

"దిద్దు మరి" అన్నాను.